ఆ అన్నం ఎన్నింటికి వార్చినారు?

హిందూపురం నుంచి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికి కారులో గంటన్నర, రెండు గంటల దారి. పెనుకొండ వాళ్లకు జాతీయ రహదారి 44 ఊరి పక్కనే. ధర్మవరం వాళ్లు రైల్లో యలహంక దాకా వెళ్లి అక్కణ్నుంచి ఇంకో బండి పట్టుకుంటారు, లేదంటే నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటారు. విదేశాలకు వెళ్లేవాళ్లను మూడు గంటల ముందే రమ్మంటారు. అందుకని ఇంట్లో బలవంతంగా తినిపించిన రెండు ముద్దల సంగటి దారిలోనే అరిగిపోతుంది. సామాను అప్పగించి, తనిఖీలన్నీ దాటి లోపల కూర్చునే వేళకు కడుపు నకనకలాడుతుంది. ఎదురుగా అద్దాల వెనక ఎర్రటి మంచూరియా, పక్కనే నూడుల్స్, ఆ పక్కన ఫ్రైడ్ రైస్.

పోయిన వేసవిలో మా అక్క కొడుకు దుబాయ్‌లో ఉద్యోగానికి బయల్దేరినప్పుడు నేనూ అదే విమానం ఎక్కాను. అప్పటికి రాత్రి ఒంటిగంటన్నర. వాడు కౌంటర్ వైపు చూసి, "మామా, ఫ్రైడ్ రైస్ చెప్పమంటావా? వేడిగానే ఉన్నట్టుంది" అన్నాడు.

"ఉండరా, ఒక మాట అడిగి చెప్తా."

కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి తెలుగు వచ్చు. "ఈ అన్నం ఎన్నింటికి వార్చినారు తమ్ముడూ?" అని అడిగాను. కాస్త తటపటాయించి, "సాయంత్రం షిఫ్టోళ్లు చేసి పోయినారు సార్" అన్నాడు.

విమానాశ్రయంలోనైనా, హిందూపురం బస్టాండు ముందు తోపుడు బండి దగ్గరైనా, ఇలాంటి తిండి తినాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న నాకు తెలియదు. మనం ఎక్కువగా చూసేది వేరే. అద్దాలు తళతళలాడుతున్నాయా, ధర ఎంత, అజినోమోటో వేశారా, చైనా వంటా మన వంటా అని చూస్తాం. వాటిలో కొన్ని అవసరమే. అయితే అన్నం విషయంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది గడియారం. ఎందుకో చెప్తాను.

బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. వరి మట్టిలోనే పండుతుంది కాబట్టి బియ్యంతోపాటు మన ఇంటికీ వస్తుంది. దీని గట్టితనమంతా సిద్ధబీజంలో ఉంది. బతకడం కష్టమైనప్పుడు ఈ జీవి మందమైన తొడుగు కట్టుకుని, లోపలి నీటిని దాదాపు వదులుకుని, విత్తనంలా నిద్రపోతుంది. ఎసరు తెర్లినా చావదు. మామూలు బ్యాక్టీరియా 70 డిగ్రీలు దాటితే చస్తుంది. ఈ సిద్ధబీజాల్లో కొన్ని మాత్రం 100 డిగ్రీల నీళ్లలో ఉడికి కూడా ప్రాణంతో బయటపడతాయి. పైగా ఆ వేడి వాటిని నిద్రలేపుతుంది కూడా. అన్నం చల్లారుతూ గోరువెచ్చగా మారేసరికి అవి మొలకెత్తుతాయి. చుట్టూ తడి ఉంది, పిండిపదార్థం ఉంది, పోటీకి వచ్చే మిగతా సూక్ష్మజీవులన్నీ ఉడికి చచ్చాయి. బాసిల్లస్‌కు ఇంతకన్నా మంచి పొలం దొరకదు.

30 నుంచి 37 డిగ్రీల మధ్య ఇది బాగా పెరుగుతుంది. మా ప్రాంతంలో ఎండాకాలం సాయంత్రం వంటింటి వేడి దాదాపు అంతే. అనుకూలంగా ఉంటే అరగంటకోసారి రెట్టింపవుతుందని అనుకుని లెక్క వేయండి. గ్రాము అన్నంలో పదే ఉన్నాయనుకుందాం. ఎనిమిది గంటల్లో 16 సార్లు రెట్టింపు. పది కాస్తా ఆరున్నర లక్షలు దాటుతుంది. గ్రాముకు లక్ష దాటిన దగ్గర్నుంచి జబ్బు చేసే ప్రమాదం మొదలవుతుందని ఆహార శాస్త్రజ్ఞులు చెబుతారు.

"మళ్లీ కడాయిలో వేసి వేయిస్తారు కదా, అంతా చచ్చిపోదా?" అని మా మేనల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బ్యాక్టీరియా చస్తుంది. కానీ అప్పటికే అది అన్నంలోకి వదిలిన విషం చావదు. ఆ విషం పేరు సెరియులైడ్. 12 చిన్న అణుభాగాలు గుండ్రంగా గొలుసులా అల్లుకున్న పదార్థం. జపాన్ పరిశోధకులు 1994లో దీని నిర్మాణాన్ని తేల్చారు. 121 డిగ్రీల్లో గంటన్నర ఉడికించినా ఇది విరగదు. జీర్ణాశయంలోని ఆమ్లమూ దీన్ని కరిగించలేదు. కడాయి ఎంత ఎర్రగా కాలినా అన్నం అందులో ఉండేది రెండు మూడు నిమిషాలు. విషం అలాగే పళ్లెంలోకి వస్తుంది. పొట్టలోకి వెళ్లాక వేగస్ నాడిని రెచ్చగొట్టి వాంతులు తెప్పిస్తుంది. రంగు మారదు, వాసన రాదు, రుచిలో తేడా తెలియదు. పాచిపోయిన అన్నాన్ని మన ముక్కు పట్టేస్తుంది, దీన్ని పట్టలేదు.

ఈ సంగతి లోకానికి తెలిసింది కూడా ఫ్రైడ్ రైస్ వల్లే. 1971లో బ్రిటన్‌లోని చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు గంటల్లోనే వాంతులతో జబ్బుపడ్డారు. అలాంటి సంఘటనలు వరసగా బయటపడ్డాయి. విచారిస్తే తేలింది ఏమిటంటే, పెద్ద గిన్నెల్లో అన్నం వండి, ఫ్రిజ్‌లో పెడితే ఉండలు కడుతుందని రాత్రంతా వంటింట్లోనే బయట ఉంచేవారు. మర్నాడు కొంచెం కొంచెం తీసి వేయించి ఇచ్చేవారు.

వాళ్లది బద్ధకం కాదు, నిర్లక్ష్యమూ కాదు. చల్లారిన అన్నమే ఫ్రైడ్ రైస్‌కు బాగుంటుంది. వేడి అన్నంలో పిండిపదార్థం మెత్తగా, జిగటగా ఉంటుంది. కడాయిలో వేసి గరిటెతో కలిపితే ముద్దవుతుంది. చల్లారే కొద్దీ అందులోని అమైలోజ్ పోగులు మళ్లీ దగ్గరకు చేరి గట్టిపడతాయి. మెతుకుకు మెతుకు విడిపోతుంది. అంటే రుచి కోసం వంటవాడు ఏ వేళ కోసం కాచుకుంటాడో, సరిగ్గా ఆ వేళలోనే సిద్ధబీజం కళ్లు తెరుస్తుంది.

సాయంత్రం ఆరింటికి హిందూపురంలో ఏ ఫ్రైడ్ రైస్ బండి దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. పెద్ద అల్యూమినియం బేసిన్‌లో అన్నం గుట్టగా పోసి ఉంటుంది. పైన తడిగుడ్డో, ప్లాస్టిక్ కాగితమో కప్పి ఉంటుంది. గ్యాస్ పొయ్యి విమానం ఇంజన్‌లా హోరుమంటుంటుంది. కడాయిలో నూనె, పగలగొట్టిన గుడ్డు, గుప్పెడు క్యాబేజీ తురుము, రెండు గరిటెల అన్నం, టేస్టింగ్ సాల్ట్, మిరియాల పొడి, సోయా సాస్. గరిటె టకటకలాడుతుంది. రెండు నిమిషాల్లో పార్సిల్ చేతిలో ఉంటుంది. నాకు ఆ పనితనమంటే గౌరవం. నేను చూసేది మాత్రం బేసిన్ వైపు. ఆరింటికి నిండుగా ఉన్న గుట్ట తొమ్మిదికల్లా అడుగంటితే ఆ బండి అన్నం తినొచ్చు. పదకొండున్నరకు కూడా సగం మిగిలి ఉంటే వద్దు.

గుట్టలో ఇంకో చిక్కుంది. అన్నం వేడిని తొందరగా వదలదు. పైన చెయ్యి పెడితే చల్లగానే తగులుతుంది, మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. లోపలి వేడి బయటికి రావడానికి పట్టే సమయం మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల గుట్టను 5 సెంటీమీటర్ల పొరగా పరిస్తే నాలుగో వంతు సమయం కాదు, దాదాపు పదహారో వంతు చాలు. పెళ్లిళ్లలో వంటవాళ్లు పులిహోర అన్నాన్ని చాప మీద గుడ్డ పరిచి పలచగా ఆరబోయడం చూసే ఉంటారు. మెతుకు విడివిడిగా ఉండాలనే వాళ్లు అలా చేస్తారు, దానివల్ల సిద్ధబీజానికి దొరికే సమయమూ తగ్గిపోతుంది.

పులిహోర మాట వచ్చింది కాబట్టి మా సీమ వంటింటి గురించి చెప్పకుండా ఉండలేను. అన్నం, బియ్యం వేల ఏళ్లుగా మనకున్నవే, ఫ్రిజ్ నిన్న మొన్న వచ్చింది. మరి ప్రయాణానికి కట్టుకెళ్లిన అన్నం ఎలా నిలిచేది? హిందూపురం చింతపండు మార్కెట్‌కు వెళ్తే సగం జవాబు దొరుకుతుంది. సీజన్‌లో ఆ వీధిలోకి అడుగుపెట్టగానే పులుపు ముక్కుకు తగులుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. పీహెచ్ సుమారు 4.3కు దిగితే బాసిల్లస్ సీరియస్ పెరగలేదు. చింతపండు పులుసు బాగా దట్టించి, నూనె పోసి కలిపిన పులిహోర మర్నాటికీ నిలిచేది అందుకే. పేరుకు నాలుగు చుక్కల నిమ్మరసం పిండిన చిత్రాన్నానికి ఆ రక్షణ రాదు. దాన్ని ఆ పూటే తినేయాలి.

రెండో ఉపాయం బొరుగులది. ధర్మవరంలో పొద్దున్నే ఏ చిన్న హోటల్‌కు వెళ్లినా ఉగ్గాని, బజ్జి దొరుకుతాయి. బొరుగులూ బియ్యమే, కాకపోతే అందులో తడి లేదు. తడి లేనిచోట సూక్ష్మజీవి పెరగదు. బొరుగులను నీళ్లలో తడిపి, పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి అప్పటికప్పుడు పెడతారు. తడి తగిలిన క్షణానికీ నోట్లోకి వెళ్లే క్షణానికీ మధ్య పావుగంట ఉండదు. ప్రయాణానికి ముందు ఇంత నిశ్చింతగా తినగలిగే బియ్యపు వంట ఇంకోటి నాకు గుర్తు రావడం లేదు.

మూడోది చద్దన్నం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి ఉంచితే లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా ముందుగా పొలాన్ని ఆక్రమించి కుండను పుల్లగా మారుస్తుంది. ఇక్కడ మజ్జిగ ముఖ్యం. అది మంచి బ్యాక్టీరియాను ముందే దింపుతుంది. ఉత్త నీళ్లు పోసి వదిలేస్తే ఎవరు ముందు పెరుగుతారన్నది అదృష్టం మీద ఉంటుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టాక కొరియా వాళ్లు వచ్చారు, వాళ్ల వెంట కిమ్చీ వచ్చింది. ఉప్పు పట్టించిన క్యాబేజీని పులియబెట్టేది కూడా ఈ లాక్టిక్ బ్యాక్టీరియా కుటుంబమే. మా ముసలమ్మల కుండలోనూ కొరియా వాళ్ల జాడీలోనూ పనిచేసే శాస్త్రం ఒకటే.

ఫ్రైడ్ రైస్‌కు పులుపు లేదు, పొడితనం లేదు, పులియడం లేదు. దానికున్న కాపలా రెండే: వేడి, చలి. 60 డిగ్రీలకు పైన గానీ 5 డిగ్రీలకు దిగువన గానీ ఉంచాలి. మన దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమాలు చెప్పేదీ అదే. విమానాశ్రయం కౌంటర్లలో స్టీలు ట్రేల కింద వేడినీళ్లు ఉండేది ఇందుకే. ఆ నీళ్లు నిజంగా మరుగుతుంటే ట్రేలోని అన్నం అంచులు ఎండిపోయి రుచి తగ్గుతుంది కానీ అందులో బాసిల్లస్ పెరగదు. మూత తీయగానే ఆవిరి గుప్పున పైకి రావాలి. పైన దీపం వెలుగుతూ, ట్రే మాత్రం గోరువెచ్చగా ఉంటే ఆ వెలుగు మన కంటికే.

గిరాకీ కూడా ఒక కొలతే. వరస నిలబడిన కౌంటర్‌లో ట్రే అరగంటకోసారి ఖాళీ అవుతుంది, కొత్తది వస్తుంది. చాలా గల్ఫ్ విమానాలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయల్దేరుతాయి. ఆ వేళకు కొన్ని కౌంటర్ల ముందు మనిషి ఉండడు. సాయంత్రం నింపిన ట్రే అలాగే కాచుకుని ఉంటుంది. వరస లేదు కదా, తొందరగా తినేయొచ్చని మనం అక్కడికే వెళ్తాం.

విషం ఎంతసేపట్లో పనిచేస్తుందో చూస్తే ప్రయాణికుడికి దీని బరువు అర్థమవుతుంది. సెరియులైడ్ ఉన్న అన్నం తిన్నాక సాధారణంగా గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. బెంగళూరు నుంచి దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటలు. అంటే సీటు బెల్టు పెట్టుకుని, మరుగుదొడ్డి ముందు నలుగురు నిలబడి ఉన్నప్పుడే అది మొదలవుతుంది. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే. ఒత్తిడి తగ్గితే పేగుల్లోని వాయువు ఉబ్బుతుంది, మామూలు కడుపే బిగదీసినట్టుంటుంది. గాలిలో తేమ 20 శాతం లోపే. వాంతులు అయినవాడికి నీరు ఇంకా తొందరగా తగ్గుతుంది.

ఇలాంటిది నిజంగానే జరిగింది, కాకపోతే అది వేరే సూక్ష్మజీవి పని. 1975 ఫిబ్రవరి 3న టోక్యో నుంచి పారిస్ వెళ్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో 344 మంది ప్రయాణికులున్నారు. అలాస్కాలోని యాంకరేజ్‌లో ఎక్కించిన హ్యామ్ ఆమ్లెట్లు తిన్నాక 197 మందికి జబ్బు చేసింది. కోపెన్‌హాగన్‌లో దిగాక 143 మందిని ఆస్పత్రిలో చేర్చారు. ఒక వంటవాడి వేళ్ల మీది పుండ్ల నుంచి స్టెఫిలోకాకస్ హ్యామ్‌లోకి చేరింది. ఆ ట్రేలను ముందు ఆరు గంటలు 24 డిగ్రీల గదిలో ఉంచారు. తర్వాత పెట్టిన చల్లని గది కూడా చాలినంత చల్లగా లేదు. వడ్డించే ముందు వేడి చేశారు, కానీ స్టెఫిలోకాకస్ విషమూ ఆ వేడికి లొంగదు. వంట వేరు, దేశం వేరు, సూక్ష్మజీవి వేరు. గోరువెచ్చగా గడిచిన ఆ గంటలు మాత్రం అవే.

మిగతా భయాల గురించి క్లుప్తంగా చెప్తాను. అజినోమోటోను మనవాళ్లు అనవసరంగా ఆడిపోసుకుంటారు. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి వేరుచేసిన గ్లుటమేట్ అది, టమాటాలోనూ ఉంటుంది. 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరం నుంచి ఆ అపవాదు మొదలైంది. తర్వాతి పరీక్షల్లో మామూలు మోతాదుకు అది నిలబడలేదు. బీపీ ఉన్నవాళ్లు అజినోమోటో కన్నా సోయా సాస్‌లోని ఉప్పు గురించి ఆలోచించాలి.

రంగుల సంగతి అలా కాదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం పరీక్షించిన 171 గోబీ మంచూరియా నమూనాల్లో 107 సురక్షితం కావని తేలాయి. ఆ వంటలో కృత్రిమ రంగులను అక్కడ నిషేధించారు. పచ్చిగుడ్డు మయొనైజ్ ఇంకా ప్రమాదం. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మయొనైజ్‌తో మోమోలు తిన్న పలువురు జబ్బుపడ్డారు, ఒక మహిళ చనిపోయారు. అదే నెల 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ముద్దమందారంలా మెరిసే మంచూరియా, గిన్నెలో గంటలు గంటలు తెరిచిపెట్టిన తెల్లటి సాస్ కనిపిస్తే నేను ఇంకేమీ అడగను, పక్కకు వెళ్లిపోతాను.

ఇక విమానాశ్రయంలో ఆ రాత్రి సంగతి. కుర్రాడు నిజం చెప్పినందుకు నాకు వాడి మీద గౌరవం కలిగింది. "అప్పటికప్పుడు ఏం చేసిస్తావు తమ్ముడూ?" అంటే, "నూడుల్స్ ఇప్పుడే ఉడకబెట్టి వేయిస్తా సార్, పది నిమిషాలు ఆగాల" అన్నాడు. ఆగాం. నీళ్లు తెర్లడం, నూడుల్స్ వేయడం, కడాయి పొగలు కక్కడం అంతా మా కళ్ల ముందే జరిగింది. గుడ్డు సొన గట్టిపడే దాకా వేయించాడు. పైన చల్లబోయిన పచ్చి ఉల్లికాడలను వద్దన్నాం. శుభ్రంగా తిన్నాం. దుబాయ్‌లో దిగే దాకా ఇబ్బంది లేదు.

ఎప్పుడైనా పొరపాటు జరిగి వాంతులు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలిపి, గుక్క గుక్కగా తాగండి. ఎక్కువమందికి ఒక రోజులో తగ్గిపోతుంది. చిన్నపిల్లలైనా, పెద్దవయసు వాళ్లైనా, జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం పడినా, కళ్లు పచ్చబడినా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో మిగిలిన అన్నాన్ని పొయ్యి మీది గిన్నెలోనే రాత్రంతా వదిలేయకుండా, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

హిందూపురం, ధర్మవరం, పెనుకొండ పురపాలకులకు నాదొక విన్నపం. ఫ్రైడ్ రైస్ బండ్ల మీద బతికే కుటుంబాలు మన మూడు ఊళ్లలో చాలా ఉన్నాయి. వాళ్లకు ఫ్రిజ్ పెట్టుకునే చోటు లేదు, సిద్ధబీజం గురించి చెప్పినవాళ్లూ లేరు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థకు వీధి వ్యాపారుల కోసం ఫాస్టాక్ అనే శిక్షణ ఉంది. దాన్ని తెలుగులో, వాళ్లకు పని లేని మధ్యాహ్నం పూట, మార్కెట్ దగ్గరే పెట్టించండి. అన్నంలో గుచ్చి చూసే ఒక థర్మామీటర్, పలచగా పరచడానికి రెండు వెడల్పాటి స్టీలు ట్రేలు ప్రతి బండికీ ఇప్పించండి. రాత్రికి సరిపడా అన్నాన్ని సాయంత్రం ఒకేసారి కాకుండా, ఆరింటికి ఒకసారి, ఎనిమిదిన్నరకు ఒకసారి వార్చుకోమని చెప్పించండి.